పిల్లి చెవి అంచున నెత్తుటి బొట్టు

అమెరికాలోని బోస్టన్ నగరంలో, హార్వర్డ్ వైద్య కళాశాలలో, వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రాచార్యుడు ఉండేవాడు. 1911లో ఆయన, ఆయన సహచరులు కొన్ని పిల్లుల మీద ఒక చిన్న పరీక్ష జరిపినారు. అవి రోగం లేని పిల్లులు. వాటి మూత్రంలో చక్కెర జాడ లేదు. వాటిని ఒక చట్రానికి కట్టి కదలకుండా ఉంచినారు. గాయమేమీ చేయలేదు. అయినా ఆ బంధనానికే అవి బెదరినవి, పెనుగులాడినవి. ఆ మీదట మూత్రాన్ని పరీక్షిస్తే అందులో చక్కెర ఉన్నది. మరికొన్నిటిని తీగబోనులో ఉంచి, ఎదుట ఒక చిన్న కుక్కను మొరగనిచ్చినారు. కుక్క వాటిని తాకలేదు. తాకవలసిన అవసరమూ లేకపోయింది. వాటికీ చక్కెర వచ్చింది. అయితే, మూత్రపిండాల మీద టోపీల వలె కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులను ముందుగా తొలగించిన పిల్లులను అట్లాగే కట్టి ఉంచితే మాత్రం, ఎంత బెదరినా చక్కెర కనిపించలేదు.

దీని భావం ఇప్పుడు పాఠశాల విద్యార్థులకు కూడా సుపరిచితమే. భయం పుట్టగానే అడ్రినల్ గ్రంథుల నుండి అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. అది కాలేయాన్ని తట్టి, అక్కడ నిలవ ఉన్న పిండిపదార్థాన్ని గ్లూకోజుగా కరిగించి బయటికి పంపుతుంది. పోరాడడానికో, పారిపోవడానికో కండరాలకు కావలసిన వంటచెరకు అది. మనుష్యులూ ఇందుకు అతీతులు కారు. కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో తొమ్మిదిమంది వైద్య విద్యార్థుల సంగతి ఉన్నది. కఠినమైన పరీక్ష వ్రాసి వచ్చిన తరువాత వారిలో నలుగురి మూత్రంలో చక్కెర కనిపించింది. సులభమైన పరీక్ష తరువాత ఒక్కరికే. పరీక్ష హాలులో కాపలా తిరిగే ఉపాధ్యాయులకు ఈ లెక్క వింతగా తోచకపోవచ్చు.

బోస్టన్ పిల్లులకు మధుమేహం లేదు. భయం తీరగానే వాటి చక్కెరా తీరిపోయింది. కాని నిజంగానే మధుమేహం ఉన్న పిల్లి ఒకటి ఉన్నదనుకొందాము. దానిని బుట్టలో పెట్టి, మూత వేసి, ఆటోలో కుదిపి, అయిదారు కుక్కలు మొరుగుతున్న పశువైద్యశాలలో బల్లమీద నిలబెట్టి, ఇద్దరు మనుష్యులు అదిమి పట్టుకొని రక్తం తీస్తారు. ఆ రక్తంలో కనిపించిన చక్కెరలో రోగానిది ఎంత, కుక్కలది ఎంత? ఆ సంఖ్యను చూసి మందు మోతాదు పెంచితే, ఇంటికి చేరి, భయం తీరి, కిటికీలో పడుకొన్న పిల్లికి ఆ పెరిగిన మందు ఏమి చేస్తుంది? మార్జాల మధుమేహ చికిత్సలో ప్రాణానికి ముడిపడిన ప్రశ్న ఇదే. ఇంటిలోనే, పిల్లి తన చాపమీద తాను ఉండగానే, రక్తపరీక్ష చేయవలెనన్న ఆలోచన ఈ ప్రశ్న నుండి పుట్టినది.

మధుమేహం మనకు కొత్త రోగం కాదు. మూత్రానికి చీమలు పట్టడం దీని గుర్తు అని మన ప్రాచీన వైద్యులు ఎరుగుదురు. దీని మూలం క్లోమగ్రంథిలో ఉన్నదని తేలినది మాత్రం 1889లో. జర్మనీ ఏలుబడిలో ఉన్న స్ట్రాస్‌బుర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమాన్ని తొలగించి చూసినారు. దానికి మధుమేహం వచ్చింది. 1921లో కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ అనే యువకులు క్లోమం నుండి ఇన్సులిన్ తీసి, మధుమేహం కలిగించిన కుక్కలకు ఇచ్చి బ్రతికించినారు. మరుసటి సంవత్సరం జనవరిలో ఒక పద్నాలుగేళ్ళ బాలుడికి ఇచ్చినారు. అంటే మనిషికి దక్కిన ఈ మందు కుక్కల పుణ్యం. అది తిరిగి మూగజీవుల దగ్గరకు చేరడం న్యాయమే. పిల్లి ఇన్సులినుకు, ఆవు ఇన్సులినుకు ఒక్క అమైనో ఆమ్లమే తేడా అన్న సంగతి విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

పిల్లికి వచ్చే మధుమేహం చాలా వరకు నడివయసు మనిషికి వచ్చే మధుమేహం వంటిది. ఇన్సులిన్ బొత్తిగా లేకపోవడం కాదు. ఉన్నది చాలకపోవడం, చేసిన పనికి ఫలితం లేకపోవడం. బాగా ఒళ్ళు చేసిన పిల్లులకు, వయసు మళ్ళినవాటికి, బీజాలు తీసిన గండుపిల్లులకు ఎక్కువగా వస్తుంది. చర్మరోగాలకో, ఉబ్బసానికో స్టెరాయిడు మందులు దీర్ఘకాలం వాడినా రావచ్చు. పెరటిగోడల మీద తిరిగి ఎలుకలను పట్టిన పిల్లి వేరు. మూడవ అంతస్తులో తలుపులు మూసిన ఇంటిలో, పళ్ళెంలో ఎప్పుడూ నిండుగా ఉండే ఎండుమేతను నములుతూ, సోఫా మీద నుండి సోఫా మీదికి మాత్రమే ప్రయాణం చేసే పిల్లి వేరు. ఈ రెండవ దానికి జీవితం సుఖంగానే కనిపిస్తుంది. క్లోమానికి మాత్రం కాదు.

రోగలక్షణాలు గుర్తించడం కష్టం కాదు. ఎన్నడూ లేనిది పిల్లి నీళ్ళగిన్నె దగ్గరే కూర్చుంటుంది. ఇసుకతొట్టి తడిసి ముద్ద అవుతుంది. తినడం తింటూనే చిక్కిపోతుంది. రోగం ముదిరితే వెనుక కాళ్ళ నరాలు దెబ్బతిని, మునివేళ్ళ మీద నడవవలసిన జంతువు మడమలు నేలకు ఆనించి నడుస్తుంది. ఒకసారి చూసినవారు ఆ నడకను మరచిపోలేరు.

ఇప్పుడు సంఖ్యల సంగతి. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఇన్ని మిల్లీగ్రాముల గ్లూకోజు అని లెక్క. మన ఇళ్ళలో తాతగారి గ్లూకోమీటరు చూపేది ఈ లెక్కనే. ఆరోగ్యంగా, స్థిమితంగా ఉన్న పిల్లికి సుమారు 70 నుండి 150 దాకా ఉంటుంది. మనిషికి 180 దాటితే మూత్రంలోకి చక్కెర దిగడం మొదలవుతుంది. పిల్లి మూత్రపిండాలు మరికొంత ఓర్చుకొని, సుమారు 270 వరకు ఆపగలవు. కాని భయపడిన పిల్లికి, ఏ రోగమూ లేకపోయినా, 300 దాటిన సందర్భాలు ఉన్నవి. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశోధన 2002లో వెలువడినది. అందులో పిల్లులకు కొద్ది నిమిషాలు నీటిజల్లుతో స్నానం చేయించినారు. ఎంత ఎక్కువగా పెనుగులాడితే అంత ఎక్కువగా చక్కెర పెరిగింది. పిల్లికి స్నానం చేయించడానికి ఒక్కసారైనా సాహసించిన గృహస్థుడికి ఆ పరిశోధకుల చేతులమీద గీతలు ఎట్లా ఉండి ఉంటవో ఊహించడం కష్టం కాదు.

అందుచేతనే వైద్యులు ఒక్క సంఖ్యను చూసి రోగనిర్ణయం చేయరు. ఫ్రక్టోసమైన్ అనే మరొక పరీక్ష ఉన్నది. రక్తంలోని మాంసకృత్తులకు అతుక్కొన్న చక్కెరను అది కొలుస్తుంది. గడచిన ఒకటి రెండు వారాల సగటును చెబుతుంది. ఈ ఉదయం మొరిగిన కుక్క ప్రభావం దానిమీద ఉండదు. రోగం ఉన్నదా లేదా అని తేల్చడానికి అది మంచి సాక్షి. కాని ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు పిల్లి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిందా అంటే ఆ సాక్షి నోరు విప్పదు. సగటు బాగానే ఉన్నదని చెప్పి ఊరుకొంటుంది. నదిలోతు సగటున మూడడుగులే అని లెక్కగట్టి దిగినవాడి కథ వంటిది ఇది.

మోతాదు నిర్ణయించడానికి వైద్యశాలలలో చాలాకాలంగా ఉన్న పద్ధతి వేరు. ఉదయం పిల్లిని అప్పగించి వెళ్ళవలెను. దినమంతా బోనులో ఉంచి, రెండు గంటలకొకసారి రక్తం తీసి, సంఖ్యలను గీతగా గీస్తారు. పిల్లి ఆ రోజు సరిగా తినదు, నిద్రపోదు, బోను తలుపు తెరిచిన ప్రతిసారీ వెనుకకు ముడుచుకొనిపోతుంది. కానన్ ప్రయోగమే, తెలియకుండా, మళ్ళీ మళ్ళీ జరుగుతున్నది. స్విట్జర్లాండులోని జూరిచ్ విశ్వవిద్యాలయంలో క్లాడియా రాయిష్ అనే పశువైద్యురాలు, ఆమె సహచరులు ఈ పనిని పిల్లి యజమానులకే నేర్పి చూసినారు. 1999 నుండి 2002 వరకు 26 పిల్లుల విషయంలో జరిగిన ఈ గృహపరీక్షల వృత్తాంతాన్ని 2004లో ప్రకటించినారు. వైద్యవిద్య లేని గృహస్థులు ఈ పని చేయగలరని, నెలల తరబడి చేయగలరని వారు చూపించినారు. ఇంటిలో గీసిన గీతకు, వైద్యశాలలో గీసిన గీతకు పొంతన లేని సందర్భాలు కొద్దివి కావు. ఒక గీతను బట్టి ఇచ్చే మోతాదు వేరు, రెండవ గీతను బట్టి ఇచ్చే మోతాదు వేరు.

పిల్లి మెడలో గంట కట్టేదెవరు అన్నది ఎలుకల సమస్య. పిల్లి చెవికి సూది గుచ్చేదెవరు అన్నది మనుష్యుల సమస్య. మొదటిసారి విన్నవారు ఇది అసాధ్యమని చేతులెత్తివేస్తారు. నిజానికి చెవి అంచున సూది తగలడం కంటె, తల పట్టుకొని కదలకుండా చేయడమే పిల్లికి ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఆ కారణంగా అనుభవజ్ఞులు మొదటి వారం సూదిని ముట్టరు. ప్రతిదినమూ ఒకే వేళకు, ఒకే చోట పిల్లిని కూర్చోబెట్టి, చెవిని నెమ్మదిగా నిమిరి, ఇష్టమైన మాంసపు ముక్క ఒకటి పెట్టి వదిలివేస్తారు. నాలుగైదు రోజులకు ఆ వేళకు పిల్లి తానే వచ్చి కూర్చుంటుంది. ముక్క ఎక్కడ దొరుకుతుందో మరచిపోయే పిల్లి లేదు.

చెవి వెలుపలి అంచు వెంట సన్నని రక్తనాళం ఒకటి పరుగెత్తుతూ ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకొంటే దారం వలె కనిపిస్తుంది. గుచ్చవలసినది ఆ నాళాన్ని కాదు. దానికి, చెవి అంచుకు నడుమ ఉన్న సన్నని చోటును. చెవి చల్లగా ఉంటే రక్తం రాదు. కాబట్టి గోరువెచ్చని గుడ్డనో, చిన్న మేజోడులో బియ్యం పోసి కట్టి వెచ్చచేసిన మూటనో అరనిమిషం చెవికి ఆనిస్తారు. వేడిని ముందు తమ చేతి మణికట్టు మీద చూసుకొనడం మంచిది. చెవి వెనుక మడచిన దూదిని పెట్టుకొంటే సూది అవతలికి దిగి వేలికి గుచ్చుకొనకుండా ఉంటుంది. వెంట్రుకలలోకి రక్తం పాకిపోకుండా ఆ చోట వాసెలిన్ అతిపలుచగా రాస్తే బొట్టు గుండ్రంగా నిలుస్తుంది. మీటరుకు కావలసినది ఆవగింజంత బొట్టు కూడా కాదు. అందులో కొంత చాలు. స్ట్రిప్పు అంచును బొట్టుకు ఆనిస్తే రక్తాన్ని తానే లోపలికి పీల్చుకొంటుంది. తరువాత దూదితో చెవిని కొద్దిసేపు నొక్కి పట్టవలెను. లేకపోతే చెవి కమిలిపోతుంది. ఆపైన మాంసపు ముక్క. రక్తం వచ్చినా రాకపోయినా ముక్క ఇవ్వక తప్పదు. రెండుసార్లు గుచ్చినా రక్తం రాకపోతే ఆ పూటకు విరమించుకొని, పిల్లిని వదిలి, కాసేపటి తరువాత ప్రయత్నించడం తెలివైన పని. పట్టుదలకు పోతే పిల్లిదే గెలుపు, పైగా చక్కెర పెరుగుతుంది.

ఏ మీటరు అన్నది చిన్న విషయం కాదు. మన దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్లు పైబడి ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ పరిశీలన తెలిపింది. ఇంక మీటరు లేని వీధి ఉన్నదా? తాతగారి మీటరుతోనే పిల్లికి కూడా చూడవచ్చునన్న ఆలోచన సహజం. చూడవచ్చును, కాని ఒక తేడా తెలిసి చూడవలెను. మనిషి రక్తంలోని గ్లూకోజులో సుమారు 42 శాతం ఎర్రకణాలలో ఉంటుందని, పిల్లి రక్తంలో 7 శాతమే అట్లా ఉండి, తక్కినదంతా ద్రవభాగంలోనే ఉంటుందని లెక్క కట్టినారు. మనిషి రక్తానికి తగినట్లు కూర్చిన యంత్రం పిల్లి రక్తాన్ని చూసి సాధారణంగా ఉన్నదానికంటె తక్కువ సంఖ్యను చూపుతుంది. పిల్లులకు, కుక్కలకు ప్రత్యేకంగా కూర్చిన మీటర్లు ఉన్నవి. వాటి స్ట్రిప్పుల ఖరీదు సామాన్య గృహస్థుడికి భారమే. ఏ మీటరు అయినా సరే, ఎప్పుడూ అదే వాడడం, ఏది వాడుతున్నారో వైద్యుడికి చెప్పడం ముఖ్యం. ఈ రోజు ఒకటి, రేపు ఒకటి వాడి, రెండు సంఖ్యలను పక్కపక్కన వ్రాసుకొంటే ఆ పుస్తకం వల్ల ఉపకారం లేదు.

ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక పిల్లికి ఉదయం 7 గంటలకు, రాత్రి 7 గంటలకు ఒక్కొక్క యూనిట్ ఇన్సులిన్ ఇస్తున్నారు. నాలుగైదు కిలోల పిల్లికి సాధారణంగా ప్రారంభించే మోతాదు ఆ పాటిదే. ఉదయం సూదికి ముందు చూస్తే 340 ఉన్నది. రాత్రి సూదికి ముందు 310. ఈ రెండు సంఖ్యలే తెలిసిన మనిషి ఏమనుకొంటాడు? మందు చాలడం లేదు, రెండు యూనిట్లు చేయవలెను అనుకొంటాడు. ఇంతలో ఒక సెలవు రోజున ఇంటిలోని వారెవరో ఓపికగా రెండు గంటలకొకసారి చూసినారు. తొమ్మిదింటికి 270, పదకొండింటికి 180, మధ్యాహ్నం ఒంటిగంటకు 115, మూడింటికి 130, అయిదింటికి 210, ఏడింటికి 310. గీత గీసి చూస్తే ఉయ్యాల వలె దిగి, మళ్ళీ లేచింది. దాని అడుగు 115 దగ్గర ఉన్నది. అడుగు 80కి, 150కి మధ్య ఉండవలెనని వైద్యులు కోరుకొంటారు. అంటే మందు చాలకపోవడం కాదు, చక్కగా చాలింది. పన్నెండు గంటలు నిలవడం లేదు, అంతే. ఈ స్థితిలో మోతాదు రెట్టింపు చేస్తే ఉదయం, రాత్రి సంఖ్యలు ఏ మాత్రం మారునో గాని, ఒంటిగంట సంఖ్య 115 నుండి అగాధంలోకి పోతుంది. అప్పుడు ఇంటిలో ఎవరూ ఉండరు. పిల్లలు పాఠశాలలో, పెద్దలు ఉద్యోగాలలో ఉంటారు. పిల్లి ఒంటరిగా ఉంటుంది.

చక్కెర 60కి దిగువకు పడిపోవడం ఎంత ప్రమాదమో చాలామంది ఎరుగరు. ఎక్కువైన చక్కెర నెలల మీద చంపుతుంది. తక్కువైన చక్కెర గంటలలో చంపగలదు. మెదడుకు గ్లూకోజు తప్ప మరొక ఆహారం అంతగా సరిపడదు. పిల్లి మొదట ఆకలితో వెతుకులాడవచ్చును, నీరసంగా ఒక మూల చేరవచ్చును. తరువాత తూలుతుంది, వణుకుతుంది, చివరకు మూర్ఛ వస్తుంది. ఏ గుర్తూ చూపకుండా తటాలున పడిపోయే పిల్లులూ ఉన్నవి. తినగలిగిన స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టవలెను. తినలేకపోతే తేనెనో, చక్కెర పాకాన్నో వేలితో చిగుళ్ళకు రాయవలెను. గొంతులో పోయరాదు, స్పృహ తప్పిన ప్రాణికి అది ఊపిరితిత్తులలోకి పోతుంది. తేనె రాసి ఊరుకొనడం కూడా కాదు, ఆ వెంటనే వైద్యుడి దగ్గరకు పరుగెత్తవలెను. ఇన్సులిన్ ఉన్న ఇంటిలో తేనె సీసా చేతికి అందే అరలో ఉండవలసిన వస్తువు.

అందువల్లనే ఉదయం ఏడు గంటలకు తీసే ఆ మొదటి బొట్టు అన్నిటికంటె విలువైనది. సిరంజిలో మందు సిద్ధంగా ఉన్నది. నిన్న 340 చూపిన మీటరు ఈ రోజు 90 చూపింది. పిల్లి చూడడానికి మామూలుగానే ఉన్నది. గిన్నె దగ్గర నిలబడి అరుస్తున్నది. మీటరు లేని ఇంటిలో ఆ సూది చర్మం కిందికి వెళ్ళిపోయి ఉండేది. మీటరు ఉన్న ఇంటిలో చేయి ఆగుతుంది. ఏ సంఖ్యకు దిగువన సూది ఆపవలెనో వైద్యుడు ముందే గీత గీసి చెప్పి ఉండవలెను. కొత్తవారికి ఆ గీతను 150కి, 200కి మధ్య ఎక్కడో గీయడం పరిపాటి. గీతకు లోపల ఉంటే ఇన్సులిన్ ఇవ్వక, అన్నం పెట్టి, వైద్యుడిని అడుగుతారు. ఒక పూట మందు తప్పితే పిల్లికి కలిగే నష్టం స్వల్పం. ఒక పూట మందు రెట్టింపైతే దిద్దుకొనడానికి వ్యవధి ఉండకపోవచ్చు. పిల్లి ఆ పూట తినకపోయినా, వాంతి చేసుకొన్నా ఇదే జాగ్రత్త. తిండి మాని, నీరసించి, సంఖ్య మాత్రం ఆకాశంలో ఉన్నదంటే అది వేరొక ఆపద. కొవ్వు కరిగి కీటోనులు పేరుకొంటున్నవేమో చూడవలెను. దానికి ఇంటివైద్యం లేదు.

మన ప్రాంతంలో మరొక పొరపాటుకు ప్రత్యేకమైన అవకాశం ఉన్నది. ఇక్కడి మందుల దుకాణాలలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉన్న ఇన్సులిన్ సీసాలూ దొరుకుతవి, 100 యూనిట్లు ఉన్నవీ దొరుకుతవి. దేని సిరంజి దానికి ఉన్నది. మొదటిదానికి ఎర్రమూత, రెండవదానికి నారింజరంగు మూత. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో ఒక గీత తీసినారంటే పిల్లికి వెళ్ళేది ఒకటి కాదు, రెండున్నర. మనిషి శరీరంలో ఒకటిన్నర యూనిట్ల హెచ్చు పెద్ద ఉపద్రవం తేకపోవచ్చు. నాలుగు కిలోల ప్రాణికి అది చావుబ్రతుకుల తేడా. ఇది ఐదవ తరగతి గుణకారమే. అయినా తెల్లవారుజామున, నిద్రకళ్ళతో, చదువుకొన్నవారూ తప్పు చేసే గుణకారం.

ఇంటిపరీక్షకు మరొక చెడుగు లేకపోలేదు. మీటరు చేతికి రాగానే కొందరికి సంఖ్యల పిచ్చి పట్టుకొంటుంది. ఈ గంట 280, మరుగంట 240, మళ్ళీ 290. అర్ధరాత్రి లేచి మరొకసారి. పిల్లి చెవి జల్లెడ అవుతుంది, యజమానికి నిద్ర ఉండదు. ఇంతకూ మీటరుకే కొంత తప్పు సహజం. ఒకే చెవి నుండి వెంటవెంటనే రెండు బొట్లు తీస్తే రెండు సంఖ్యలు వస్తవి. ఒక్క సంఖ్యను చూసి మోతాదు మార్చే చేయి, సంఖ్యలే లేని చేయి వలెనే ప్రమాదకరమైనది. ఒక మోతాదు మొదలుపెడితే అది శరీరంలో కుదురుకొనడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల సంఖ్యలన్నీ పుస్తకంలో వ్రాసి, వేళ, తిన్న తిండి, సూది, పిల్లి ప్రవర్తన పక్కన చేర్చి, వైద్యుడి ముందు పెట్టవలెను. మోతాదు పెంచే అధికారం ఆయనది. ప్రమాదం కనిపిస్తే ఆ పూట సూది ఆపే అధికారం మాత్రం ఇంటివారిది.

ఇటీవల ఈ చెవిపోటు కూడా తప్పించే సాధనాలు వచ్చినవి. మనుష్యుల కోసం 2014లో యూరపులో విడుదలైన ఒక చిన్న బిళ్ళను పిల్లి భుజాల నడుమ వెంట్రుకలు గొరిగి అంటిస్తున్నారు. దాని సన్నని తంతువు చర్మం కింది ద్రవంలో ఉండి, నిరూపితమైన గడువు 14 రోజులలో రేయింబవళ్ళు గ్లూకోజును చెబుతూ ఉంటుంది. చర్మం కింది ద్రవం రక్తానికి కొన్ని నిమిషాలు వెనుకబడి ఉంటుంది కాబట్టి, బిళ్ళ మరీ తక్కువ సంఖ్య చూపినప్పుడు చెవి బొట్టుతో సరిచూసుకొనక తప్పదు. గడువు తీరేదాకా బిళ్ళను ఉంచుకొనడమా, రెండవ రోజునే గీకి పారవేయడమా అన్నది పిల్లి నిర్ణయించే విషయం. అమెరికాలో 2022 చివరి నుండి, నోటి ద్వారా ఇచ్చే మందులు కూడా పిల్లులకు అనుమతి పొందినవి. చక్కెరను మూత్రంలోకి పోనిచ్చే మందులు అవి. అన్ని పిల్లులకూ అవి తగవు. చక్కెర సంఖ్య మామూలుగా కనిపిస్తూ ఉండగానే కీటోనులు పెరిగే అపాయం వాటిలో ఉన్నది.

పిల్లి మధుమేహంలో మనిషికి సాధారణంగా దక్కని అదృష్టం ఒకటి ఉన్నది. రోగం కనిపెట్టిన తొలినెలలలోనే ఇన్సులిన్ సరిగా ఇచ్చి, పిండిపదార్థం తక్కువగా, మాంసకృత్తులు ఎక్కువగా ఉండే ఆహారం పెట్టి, ఒళ్ళు తగ్గిస్తే, కొన్ని పిల్లులలో క్లోమం మళ్ళీ తేరుకొంటుంది. ఇన్సులిన్ అవసరం తీరిపోతుంది. ఇది శుభవార్తే, కాని ఈ శుభవార్త పిల్లి నోటితో చెప్పదు. ముఖంలో కనిపించదు. తేరుకొన్న క్లోమం తన ఇన్సులిన్ తాను ఇస్తూ ఉంటుంది; ఇంటివారు అలవాటుగా సిరంజితో మరికొంత ఇస్తూ ఉంటారు. నిన్నటిదాకా ప్రాణం నిలిపిన ఒక్క యూనిట్ ఆ రోజునుండి ప్రాణం తీసేది అవుతుంది. ఆరోగ్యం తిరిగి వచ్చిన పిల్లి ఆరోగ్యం వల్లనే చచ్చిపోవడం కంటె విషాదం ఏమున్నది? ఆ మార్పు మొదట కనిపించేది చెవి అంచున తీసిన బొట్టులోనే. ఉదయపు సంఖ్య 300 నుండి 220కి, 160కి, 110కి దిగుతూ వస్తుంది. వైద్యుడు మోతాదును సగం చేస్తాడు. మళ్ళీ సగం చేస్తాడు. ఒక రోజు వద్దంటాడు.

అప్పటినుండి పుస్తకంలో ఇన్సులిన్ అని వ్రాసిన గడిలో ప్రతి పూటా ఒక అడ్డగీత పడుతుంది. మీటరును మాత్రం అటక మీద పెట్టరు. పోయిన రోగం కొన్ని పిల్లులకు నెలల తరువాత తిరిగి వస్తుంది. వారానికొకసారి, అదే వేళకు, అదే చాప మీద, వెచ్చని గుడ్డ, దూది, సూది, చిన్న బొట్టు. పిల్లి మాత్రం మాంసపు ముక్క కోసం ప్రతిదినమూ ఆ వేళకు వచ్చి కూర్చుంటూనే ఉంటుంది.